లినక్స్ డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయించిందా? ఓఎస్ మళ్ళీ ఎక్కించే ముందు ఇవి చూడండి

"నిన్న రాత్రి దాకా బాగానే ఉంది. అప్‌డేట్ అడిగితే సరే అన్నాను. పొద్దున్న ఆన్ చేస్తే నల్ల స్క్రీను." విశాఖలో మద్దిలపాలెం రూముల్లో ఉండే స్టూడెంట్లు, మధురవాడలో ఇంటి నుంచి పని చేసేవాళ్ళు, గాజువాకలో సెకండ్‌హ్యాండ్ కార్డు కొని బిగించుకున్నవాళ్ళు... అందరూ దాదాపు ఇవే మాటలతో అడుగుతున్నారు. సగం మంది ఈ మాట అడిగేసరికే హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టేసి, ఉబుంటు మళ్ళీ ఎక్కించేసి ఉంటారు. ఫైళ్ళు పోతాయి, ఒక రోజు పోతుంది, వారం తిరిగేసరికి అదే నల్ల స్క్రీను మళ్ళీ వస్తుంది. అసలు కారణం ఎక్కడుందో చూడలేదు కాబట్టి.

గ్రాఫిక్స్ పనిచేయాలంటే నాలుగు మెట్లు దాటాలి. కార్డు స్లాట్‌లో సరిగ్గా తగలాలి. ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌కి అది కనబడాలి. ఆ కార్డుకు సరిపడే డ్రైవర్ మాడ్యూల్, అంటే కెర్నల్‌కి తగిలించే డ్రైవర్ ముక్క, లోడ్ అవ్వాలి. డెస్క్‌టాప్ ఆ డ్రైవర్‌నే వాడుకోవాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే చేయాల్సిన పని పది, పదిహేను నిమిషాలదే. కింద రాసిందంతా ఆ మెట్టును పట్టుకోవడానికే.

ఇది ఉబుంటు 24.04, లినక్స్ మింట్ 22 వాడేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఫెడోరా వాళ్ళకు డ్రైవర్ ఎక్కించే పద్ధతి 5వ మెట్టులో విడిగా చెప్పాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- నిండా చార్జ్ ఉన్న ఫోను, డేటా కేబుల్. డ్రైవర్ ప్యాకేజీలు కొన్ని వందల ఎంబీ ఉంటాయి. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, లినక్స్ దాన్ని వైరు నెట్‌లాగే తీసుకుంటుంది.
- మీ ఓఎస్‌దే లైవ్ పెన్‌డ్రైవ్, 8 జీబీది సరిపోతుంది.
- స్టార్ స్క్రూడ్రైవర్, తెల్ల పెన్సిల్ రబ్బరు, మెత్తటి బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్.
- యూపీఎస్. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు, ఉరుములు మొదలైన సాయంత్రం యూపీఎస్ లేకుండా డ్రైవర్ పని పెట్టుకోకండి. ప్యాకేజీ సగంలో ఉండగా కరెంటు పోతే ఒక సమస్య కాస్తా రెండవుతాయి.

కమాండ్ల గురించి ఒక మాట. వాటిని ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాశాం. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే అక్షరాల స్క్రీన్‌లో, మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాం. గీతలు, ఖాళీలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ. కమాండ్‌ని అడ్మిన్ హక్కులతో నడిపేది అదే.

1. ముందు కేబుల్ చూడండి

నవ్వుకునే విషయం కాదు. నల్ల స్క్రీన్ కేసుల్లో ఇది చాలాసార్లు బయటపడుతుంది. క్యాబినెట్ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు రెండు చోట్ల ఉంటాయి. పైన నిలువుగా ఉన్నవి మదర్‌బోర్డువి, కింద అడ్డంగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి.

ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5 12400ఎఫ్ అయితే, అందులో లోపలి గ్రాఫిక్స్ లేదు. రైజెన్ 5 5600 కూడా అంతే. వీటిలో మదర్‌బోర్డు పోర్టుకు కేబుల్ పెడితే ఎప్పటికీ బొమ్మ రాదు. మీ ప్రాసెసర్‌కి లోపలి గ్రాఫిక్స్ ఉంటే అదృష్టమే. కార్డు పీకేసి, మదర్‌బోర్డు పోర్టుతో బొమ్మ తెచ్చుకుని, మిగతా పని తీరిగ్గా చేసుకోవచ్చు.

ఆన్ చేయగానే మదర్‌బోర్డు కంపెనీ లోగో కనబడుతోందా? కనబడితే కార్డు, కేబుల్, మానిటర్ బతికే ఉన్నాయి, తేడా డ్రైవర్‌లోనే. లోగో కూడా రాకపోతే డ్రైవర్ జోలికి వెళ్ళకుండా నేరుగా 8వ మెట్టుకు దిగండి.

2. టెర్మినల్ దాకా చేరండి

తేలికైన దానితో మొదలుపెట్టి, పనిచేయకపోతే తర్వాతిది ప్రయత్నించండి.

ఒకటి: నల్ల స్క్రీన్ మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. లాగిన్ అడుగుతూ అక్షరాల స్క్రీన్ వస్తే యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టండి. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనబడవు. అది మామూలే.

రెండు: రీస్టార్ట్ చేసి, లోగో పోయే క్షణంలో ఎస్కేప్ ఒక్కసారి తట్టండి. పాత బయాస్ (ఓఎస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) మెషీన్ అయితే షిఫ్ట్ పట్టుకుని ఉంచండి. ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. ఎస్కేప్ రెండు మూడుసార్లు తడితే మెనూ దాటిపోయి గ్రబ్ అని రాసి ఉన్న ఖాళీ స్క్రీన్ వస్తుంది. కంగారు పడకుండా కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కొట్టి మళ్ళీ మొదలుపెట్టండి. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, పై నుంచి రెండో కెర్నల్ నంబరు ఎంచుకోండి. రికవరీ అని రాసి ఉన్నది కాదు, మామూలుదే. పాత కెర్నల్‌తో డెస్క్‌టాప్ వచ్చేసిందంటే జబ్బు తెలిసిపోయినట్టే: కొత్త కెర్నల్‌కి మాడ్యూల్ తయారవలేదు. 6వ మెట్టుకు వెళ్ళండి.

మూడు: పాత కెర్నల్ కూడా రాకపోతే గ్రబ్ మెనూలో మొదటి లైను మీద ఉండగా కీబోర్డు మీద ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరం నొక్కండి. లినక్స్ అనే పదంతో మొదలయ్యే పొడుగాటి లైను చివరికి వెళ్ళి, ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని చేర్చండి. మధ్యలో ఖాళీ లేకుండా ఒకే పదం: ఎన్, ఓ, ఎం, ఓ, డీ, ఈ, ఎస్, ఈ, టీ. తర్వాత ఎఫ్10. స్క్రీన్ పెద్ద అక్షరాలతో, మొద్దుగా వస్తుంది. అదే చాలు.

నోమోడ్‌సెట్ ఊతకర్ర లాంటిది, మందు కాదు. కొందరు దాన్ని గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో శాశ్వతంగా రాసేసి, ఆర్నెల్ల తర్వాత "ఏఎండీ కార్డు పెట్టినా వేగం లేదు" అంటారు. ఆ పదం ఉన్నంతకాలం ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు పని మొదలుపెట్టవు, బొమ్మంతా ప్రాసెసర్ గీస్తూ ఉంటుంది. పాత ఫోరమ్‌లలో ఎవరో ఇచ్చిన చిట్కాలు పాటించి ఉంటే, ఈటీసీ ఫోల్డర్‌లో, డీఫాల్ట్ లోపల ఉన్న గ్రబ్ ఫైల్ ఒకసారి తెరిచి చూడండి. ఉంటే తీసేసి, సేవ్ చేసి, ఇది కొట్టండి:

సుడో అప్‌డేట్-గ్రబ్

3. ఏ కార్డు, ఏ డ్రైవర్ నడుస్తోంది?

ఎల్‌ఎస్‌పీసీఐ -కె

ఆరు అక్షరాలు: ఎల్, ఎస్, పీ, సీ, ఐ, ఆ తర్వాత గీత పెట్టి కె. వచ్చిన జాబితాలో వీజీఏ లేదా త్రీడీ కంట్రోలర్ అని ఉన్న లైను వెతకండి. దాని కింద కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఒక లైను ఉండాలి. అక్కడ ఏముందో దాన్నిబట్టి:

- ఎన్‌విడియా అని ఉంటే కంపెనీ డ్రైవర్ లోడ్ అయింది. తేడా డెస్క్‌టాప్ వైపు ఉంది, 9వ మెట్టు చూడండి.
- నూవో అని ఉంటే, అంటే ఎన్‌ఓయూవీఈఏయూ అనే అక్షరాలు కనబడితే, కెర్నల్‌తో పాటు వచ్చే ఓపెన్ డ్రైవర్ నడుస్తోంది. బొమ్మ వస్తుంది. జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌లలో కార్డు పూర్తి వేగానికి ఎక్కదు.
- ఏఎండీజీపీయూ, ఐ915, ఎక్స్‌ఈ అని ఉంటే ఏఎండీ లేదా ఇంటెల్ డ్రైవర్ బాగానే ఎక్కింది. 7వ మెట్టు.
- ఆ లైనే లేకపోతే కార్డు కనబడుతోంది గానీ డ్రైవర్ లేదు. 4 నుంచి 6 వరకు మీకోసమే.
- అసలు కార్డు పేరే జాబితాలో లేకపోతే ఏ డ్రైవర్ ఎక్కించినా లాభం లేదు. 8వ మెట్టు.

ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్ళు దాని పేరుకు ముందుండే రెండు అక్షరాల కోడ్‌ని కాగితం మీద రాసుకోండి. జీటీఎక్స్ 1650కి టీయూ117 అని, జీటీ 1030కి జీపీ108 అని కనబడుతుంది. వచ్చే మెట్టంతా ఈ రెండక్షరాల మీదే నడుస్తుంది.

4. సరైన వెర్షన్ ఎంచుకోండి

ఎక్కువ మంది పడిపోయేది ఇక్కడే. పెద్ద నంబరున్న డ్రైవర్ మంచిదనుకుని దాన్ని ఎక్కిస్తారు. కార్డు పాతదైతే కొత్త డ్రైవర్ దాన్ని గుర్తుపట్టను కూడా పట్టదు.

- జీఎఫ్ అంటే ఫెర్మీ. దీని ఆఖరి డ్రైవర్ 390. కొత్త కెర్నల్స్‌తో దానికి పొసగదు. నూవోతోనే సరిపెట్టుకోండి, ఇంటర్నెట్‌కి, వీడియోలకి చాలు.
- జీకే అంటే కెప్లర్. జీటీ 710 ఇందులోదే. ఆఖరి డ్రైవర్ 470.
- జీఎం, జీపీ అంటే మాక్స్‌వెల్, పాస్కల్. జీటీఎక్స్ 750 టీఐ, 1050 టీఐ, 1060 ఇవే. వీటికి 580 ఆఖరిది.
- టీయూ, జీఏ, ఏడీ అంటే జీటీఎక్స్ 1650 నుంచి ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ దాకా. ఇప్పటి డ్రైవర్లు అన్నీ పనిచేస్తాయి.
- జీబీ అంటే ఆర్‌టీఎక్స్ 50 సిరీస్. పేరు చివర ఓపెన్ అని ఉన్న డ్రైవరే ఎక్కించాలి, మామూలుది పనికిరాదు.

జీటీ 730 కొన్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. డబ్బా మీద పేరు ఒకటే. లోపల మాత్రం కొన్నిటిలో జీఎఫ్108, కొన్నిటిలో జీకే208. పక్కింటి అబ్బాయి జీటీ 730కి 470 పనిచేసింది కదా అని మీరూ ఎక్కిస్తే, మీది జీఎఫ్ అయితే నల్ల స్క్రీనే మిగులుతుంది.

ఓపెన్ అనే మాట దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ఎన్‌విడియా 2022లో తన కెర్నల్ మాడ్యూళ్ళను ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. అవి టీయూ, ఆ తర్వాతి కార్డులకే. ఆ కార్డుల్లో ఉండే జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ మీద ఆ మాడ్యూల్ ఆధారపడుతుంది. జీటీఎక్స్ 1060 లాంటి పాస్కల్ కార్డులో జీఎస్‌పీ లేదు. అందుకే 580 ఓపెన్ ఎక్కిస్తే డ్రైవర్ కార్డును ముట్టుకోదు, మామూలు 580 ఎక్కిస్తే అదే కార్డు చక్కగా లేస్తుంది. ఒక్క పదం తేడా.

డాబాగార్డెన్స్‌లోనో, ద్వారకానగర్‌లోనో సెకండ్‌హ్యాండ్ కార్డు బేరమాడుతుంటే లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్ళండి. "అన్నా, ఒక్కసారి దీంతో బూట్ చేద్దాం" అని అడిగి, 3వ మెట్టు కమాండ్ కొట్టి ఆ రెండక్షరాలు చూసుకున్నాకే డబ్బులివ్వండి. స్టిక్కర్‌ని నమ్మి కొనకండి.

5. పాతది తీసి, కొత్తది ఎక్కించండి

ఇంతకు ముందు కరెంటు పోయి ఆగిన అప్‌డేట్ ఏదైనా ఉంటే ముందు దాన్ని పూర్తి చేయాలి. డీపీకేజీ అంటే డీ, పీ, కె, జీ. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ.

సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

డిస్కులో చోటుందో లేదో డీఎఫ్ -హెచ్ కొట్టి చూడండి. బూట్ అనే విభాగం విడిగా ఉండి 95 శాతం దాటితే, కొత్త కెర్నల్ ఫైళ్ళు సగంలో ఆగిపోయి ఉండొచ్చు. సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ కొడితే పాత కెర్నల్స్ పోతాయి.

ఇక పాత డ్రైవర్ తీసివేత. కంపెనీ సైటు నుంచి రన్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైల్ దింపి ఎప్పుడైనా ఎక్కించారా? అయితే ముందుగా ఇది:

సుడో ఎన్‌విడియా-అన్‌ఇన్‌స్టాల్

ఆ తర్వాత ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్ళందరూ:

సుడో ఆప్ట్ పర్జ్ '*ఎన్‌విడియా*'
సుడో ఆప్ట్ ఆటోరిమూవ్

వై కొట్టే ముందు తీసేయబోయే వాటి జాబితా చదవండి. అందులో ఉబుంటు-డెస్క్‌టాప్ లేదా సిన్నమన్ (మింట్ డెస్క్‌టాప్) పేరు కనబడితే ఆపేయండి. ముందు డీపీకేజీ కమాండ్‌తో ప్యాకేజీలు సరిచేసి మళ్ళీ రండి.

డెస్క్‌టాప్ వస్తున్నవాళ్ళు ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి, 4వ మెట్టులో తేల్చుకున్న నంబరు ఎంచుకోండి. టెర్మినల్‌లో ఉన్నవాళ్ళకి:

సుడో ఆప్ట్ అప్‌డేట్
ఉబుంటు-డ్రైవర్స్ లిస్ట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎన్‌విడియా-డ్రైవర్-580

చివరి నంబరు మీ కార్డుకు తగినట్టు మార్చుకోండి. సర్వర్ అని చివర ఉన్నవి ఇంటి కంప్యూటర్‌కి వద్దు.

రన్ ఫైల్‌తో ఎక్కించడం ఎందుకు వద్దంటున్నామంటే, ఆప్ట్‌కి దాని సంగతి తెలియదు. వచ్చే అప్‌డేట్‌లో కెర్నల్ మారితే ఆ డ్రైవర్‌ని ఎవరూ పట్టించుకోరు. అవే పేర్లతో రెండు రకాల లైబ్రరీలు పక్కపక్కన చేరి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే ప్యాకేజీల భాండారాన్ని చేర్చి ఏకేమోడ్-ఎన్‌విడియా ఎక్కించాలి. అయిపోయింది అని చెప్పగానే రీస్టార్ట్ కొట్టకండి. వెనకాల మాడ్యూల్ ఇంకా తయారవుతూ ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి, మోడ్‌ఇన్ఫో -ఎఫ్ వెర్షన్ ఎన్‌విడియా అని కొట్టండి. ఇందులో ఎఫ్ పెద్ద అక్షరం. వెర్షన్ నంబరు వచ్చాకే రీస్టార్ట్.

6. డ్రైవర్ ఉంది, లోడ్ అవ్వట్లేదు

కారణాలు రెండే రెండు ఎక్కువగా తగులుతాయి.

మొదటిది సెక్యూర్ బూట్.

మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్

ఎనేబుల్డ్ అని వస్తే, సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. ఉబుంటు తనే సంతకం చేసి ఇచ్చే మాడ్యూల్ ప్యాకేజీ వాడితే ఈ పేచీ లేదు. మీ మెషీన్ మీదే డీకేఎంఎస్ అనే టూల్ తయారు చేసిన మాడ్యూల్‌కి మాత్రం మీ సొంత తాళం చెవిని బయాస్‌కి పరిచయం చేయాలి. డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగేది అందుకే. 8 అక్షరాలకు తగ్గకుండా పెట్టి రాసుకోండి. రీస్టార్ట్ కాగానే నీలం స్క్రీన్ వస్తుంది, ఏదో ఒక కీ నొక్కమంటుంది, పది సెకన్లు చూసి వెళ్ళిపోతుంది. టీ తెచ్చుకుందామని లేచి వెళ్ళినవాళ్ళు దాన్ని చూడనే చూడరు. కుర్చీలోనే కూర్చోండి. కీ నొక్కి, వరసలో ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, ఆ పాస్‌వర్డ్, రీబూట్.

అక్కడ కీబోర్డు అమెరికన్ లేఅవుట్‌లో ఉంటుంది. అందుకని పాస్‌వర్డ్‌లో గుర్తులు వాడకుండా మామూలు అక్షరాలు, అంకెలే పెట్టుకోవడం మేలు. నీలం స్క్రీన్ తప్పిపోతే మళ్ళీ పిలవొచ్చు:

సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ

ఇదంతా ఎందుకులే అనుకుంటే బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయొచ్చు. పక్కనే విండోస్ ఉండి దాని డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) పెట్టి ఉంటే మాత్రం, రికవరీ కీ చేతిలో ఉంచుకోకుండా ఆ స్విచ్ ముట్టుకోవద్దు.

రెండోది, కెర్నల్ మారింది, మాడ్యూల్ మారలేదు. ఈ రెండూ కొట్టి పోల్చండి (యూనేమ్ అంటే యూ, ఎన్, ఏ, ఎం, ఈ):

యూనేమ్ -ఆర్
డీకేఎంఎస్ స్టేటస్

మొదటిది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు. రెండోదాంట్లో ఎన్‌విడియా లైనులో అదే నంబరు పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉండాలి. యాడెడ్ అని మాత్రమే ఉన్నా, పాత నంబరే కనబడినా తయారీ ఆగిపోయింది. చాలాసార్లు హెడర్స్ ప్యాకేజీ (మాడ్యూల్ తయారీకి కావాల్సిన కెర్నల్ ఫైళ్ళు) లేకపోవడమే దీనికి మూలం:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-జెనరిక్
సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్

ఉబుంటు 24.04లో కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ వాడుతుంటే ప్యాకేజీ పేరు లినక్స్-హెడర్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04. హెడర్స్ ఉన్నా ఎర్రర్ వస్తోందంటే, ముఖ్యంగా 470 వాడే జీటీ 710 వాళ్ళకి, ఆ పాత డ్రైవర్‌కి కొత్త కెర్నల్ అర్థం కావట్లేదు. లినక్స్-జెనరిక్ ఎక్కించి, గ్రబ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 6.8 కెర్నల్ ఎంచుకుని దానితోనే ఉండండి. పాత కార్డుకు పాత కెర్నలే అచ్చొస్తుంది.

డీకేఎంఎస్ లెక్కల్లో అసలు ఎన్‌విడియా పేరే లేకపోయినా భయపడకండి. ఉబుంటు ముందే తయారు చేసిన మాడ్యూల్ వాడుతుంటే అందులో కనబడదు. అప్పుడు 5వ మెట్టులో డ్రైవర్ ఎక్కించిన ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్ మళ్ళీ ఒకసారి కొట్టి రీస్టార్ట్ చేయండి.

7. ఏఎండీ, ఇంటెల్ వాళ్ళకి

మీ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. విడిగా ఎక్కించాల్సింది ఏమీ లేదు. కార్డు కంపెనీ సైటుకి వెళ్ళి ఏదో దింపడమే మీరు చేసే పెద్ద పొరపాటు. రావాల్సినవి మూడు: కొత్త కెర్నల్, లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు), మెసా (త్రీడీ బొమ్మలు గీసే లైబ్రరీలు). మూడూ సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్‌తోనే వస్తాయి. ఈ మధ్యే మార్కెట్‌లోకి వచ్చిన కార్డు కొని పాత ఉబుంటులో పెడితే ఫర్మ్‌వేర్ లేక బొమ్మ రాదు. అలాంటప్పుడు కొత్త వెర్షన్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూడండి. అందులో వస్తే ఓఎస్ అప్‌గ్రేడే దారి. నోమోడ్‌సెట్ మిగిలిపోయిందేమో మాత్రం మరోసారి చూసుకోండి.

8. కార్డే కనబడకపోతే, లేదా మధ్యలో మాయమైపోతుంటే

సముద్రం పక్కన ఉన్న ఊరు మనది. లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు ఇళ్ళలో కిటికీలు తెరిచి ఉంటే ఉప్పుగాలి నేరుగా క్యాబినెట్ లోపలికి పోతుంది. పాత ఊరు వైపు ఇళ్ళలో నల్లటి సన్న దుమ్ము ఫ్యాన్ రెక్కలకు పట్టేస్తుంది. ఈ తేమ, దుమ్ము కలిసి కార్డు అడుగున ఉండే బంగారు రంగు పట్టీల మీద పొర కడతాయి. అప్పుడు వచ్చే లక్షణాలు అచ్చం డ్రైవర్ లోపంలాగే ఉంటాయి. డ్రైవర్ పదిసార్లు మార్చినా పోవు.

ఎన్‌విడియా వాళ్ళు ఇలా తేల్చుకోవచ్చు:

సుడో డీఎంఈఎస్‌జీ | గ్రెప్ -ఐ ఎక్స్‌ఐడీ

ఎక్స్‌ఐడీ అంటే ఎన్‌విడియా డ్రైవర్ రాసే ఎర్రర్ నంబరు. ఎక్స్‌ఐడీ 79 అని వచ్చి, జీపీయూ బస్ నుంచి పడిపోయిందని రాసి ఉంటే అనుమానించాల్సింది హార్డ్‌వేర్‌నే: స్లాట్‌లో తగులుడు, పవర్, వేడి. మెషీన్ బిగుసుకుపోయి రీస్టార్ట్ చేయాల్సి వచ్చిందా? అప్పుడు ముందటి బూట్ లాగ్ చూడాలి: జర్నల్‌సీటీఎల్ -కె -బీ -1.

శుభ్రం చేసే పద్ధతి:

స్విచ్ ఆపి, ప్లగ్ గోడ నుంచి పీకేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. కార్డు స్క్రూ విప్పి, పవర్ వైరు తీసి, స్లాట్ చివరి ప్లాస్టిక్ క్లిప్ నొక్కి ఉంచి, కార్డును రెండు చేతులతో నిటారుగా పైకి లేపండి. క్లిప్ మరిచిపోయి లాగితే విరిగేది స్లాటే.

పట్టీలను వెలుతురులో పెట్టి చూడండి. బాగున్నవి బంగారు రంగులో మెరుస్తాయి. పాడైనవి మసకగా, అక్కడక్కడ తెల్లటి పొడితోనో ఆకుపచ్చ మరకతోనో ఉంటాయి. తెల్ల పెన్సిల్ రబ్బరుతో పై నుంచి అంచు వైపు, ఒకే దిక్కుగా, మెల్లగా రుద్దండి. ఒక్కో వైపు నిమిషం చాలు. రబ్బరు పొట్టు బ్రష్షుతో దులిపి, నూలు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేసి తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. గరుకు కాగితం వాడితే బంగారు పూత పోతుంది, ఆ తర్వాత తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. సెంటు, శానిటైజర్, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు. స్లాట్‌లోకి తడిది ఏదీ పోనివ్వకుండా పొడి బ్రష్షు, గాలి బ్లోయర్‌తోనే సరిపెట్టండి. గాలి కొట్టేటప్పుడు కార్డు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపి ఉంచండి.

తిరిగి పెట్టేటప్పుడు క్లిప్ టక్కుమని పడాలి. ఆ శబ్దం రాలేదంటే కార్డు పూర్తిగా దిగలేదు.

పవర్ లెక్క కూడా చూడండి. స్లాట్ ఇచ్చేది 75 వాట్లు, 6 పిన్నుల వైరు 75, 8 పిన్నులది 150. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తాగుతుంది. ఎన్‌విడియా దానికి 550 వాట్ల సప్లై చెబుతోంది. పాత 400 వాట్ల సప్లైకి కన్వర్టర్ వైరు తగిలించి నడిపితే డెస్క్‌టాప్ బాగానే వస్తుంది, గేమ్ గానీ బ్లెండర్ గానీ తెరవగానే నల్లగా అయిపోతుంది. డ్రైవర్‌ని తిట్టుకుని లాభం లేదు.

9. నిజంగా బాగయిందా?

డెస్క్‌టాప్ వచ్చింది కదా అని వదిలేయకండి. మూడు పరీక్షలు.

మొదటిది ఎన్‌విడియా వాళ్ళకి: ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ. కార్డు పేరు, డ్రైవర్ నంబరు, ఉష్ణోగ్రతతో ఒక పట్టిక రావాలి. డ్రైవర్‌తో మాట్లాడలేకపోయానని చెబితే మాడ్యూల్ లోడ్ కాలేదు, 6వ మెట్టుకు వెనక్కి. డ్రైవర్, లైబ్రరీ వెర్షన్లు కలవట్లేదంటే అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ చేయలేదని అర్థం. అంతకు మించి ఏమీ లేదు, రీస్టార్ట్ చేయండి.

రెండోది అందరికీ. మెసా-యుటిల్స్ ప్యాకేజీ ఎక్కించుకుని, జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో -బీ కొట్టండి. ఇందులో బీ పెద్ద అక్షరం. రెండరర్ లైనులో మీ కార్డు పేరు ఉండాలి. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే బొమ్మలు ప్రాసెసర్ గీస్తోంది, డ్రైవర్ ఇంకా పనిలోకి దిగలేదు.

మూడోది ఓపిక పరీక్ష. బరువైన త్రీడీ పని ఏదైనా పెట్టి అరగంట వదిలేయండి. పక్కన ఇంకో టెర్మినల్‌లో వాచ్ ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ నడుస్తూ ఉండాలి. ఏఎండీ అయితే వాచ్ సెన్సార్స్. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 85 డిగ్రీలు దాటి పైకే పోతుంటే ఫ్యాన్, దుమ్ము చూడండి. ఐదు నిమిషాల పరీక్షలో వేడి, పవర్ లోపాలు బయటపడవు.

డ్రైవర్ సరిగ్గా లోడ్ అయి కూడా లాగిన్ తర్వాత స్క్రీన్ మినుకుమంటుంటే, లాగిన్ స్క్రీన్‌లో పేరు ఎంచుకున్నాక కింద కుడివైపు వచ్చే చక్రం గుర్తు నొక్కండి. ఉబుంటు 24.04లో అక్కడ ఉబుంటు ఆన్ ఎక్సార్గ్ ఉంటుంది. వేలాండ్ (తెర మీద బొమ్మ పెట్టే కొత్త పద్ధతి) బదులు ఆ పాత పద్ధతిని ఎంచుకుంటే జీటీ 710 లాంటి పాత కార్డులు చాలావరకు కుదురుకుంటాయి.

అంతా నడుస్తున్న ఈ రోజే టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్, అంటే మళ్ళీ ఇదే స్థితికి వెనక్కి రావడానికి ఓఎస్ నకలు, తీసుకోండి. మింట్‌లో అది ముందే ఉంటుంది, ఉబుంటులో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టైమ్‌షిఫ్ట్. కార్డు కోడు రెండక్షరాలు, పనిచేసిన డ్రైవర్ నంబరు, యూనేమ్ చూపించిన కెర్నల్ నంబరు ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ పక్క పలకకు లోపలివైపు అతికించండి. ఈసారి నల్ల స్క్రీన్ వచ్చినప్పుడు కంప్యూటర్ తెరుచుకోదు కాబట్టి, ఆ వివరాలు కంప్యూటర్‌లో దాచుకుంటే అందవు.